ఇంజిన్ విప్పించిన పిన్నితో డిగ్లీపూర్ దాకా

అండమాన్ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ ముందు జైలు గురించి, తర్వాత తెల్ల ఇసుక గురించి అడుగుతున్నారు. ఆ రెండూ నేను చూడలేదు. నేను వెళ్ళింది మా పిన్ని కోసం. మా అమ్మ పోయాక అమ్మ గొంతుతో మాట్లాడే మనిషి ఈ భూమ్మీద పిన్ని ఒక్కతే మిగిలింది. ఫోన్లో "ఏటే అమ్మీ, బువ్వ తిన్నావా?" అని ఆవిడ అడిగితే, తిన్నా తినకపోయినా, కళ్ళు మూసుకుని ఇంకోసారి అడిగించుకునేదాన్ని.

మాది శ్రీకాకుళం తీరంలో చేపల వేట మీద బతికే ఊరు. అమ్మ, పిన్ని ఇద్దరూ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి చేపలమ్మినవాళ్ళే. పెళ్ళయ్యాక పిన్ని ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిపోయింది. నేను చదువుకుని విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కు మీద కూర్చుని జుట్టు నెరిసే దాకా అక్కడే ఉండిపోయాను. "ఈ ఏడు రా" అని పిన్ని పిలిచినప్పుడల్లా ఏవో ఎన్నికలో, తుపానో అడ్డొచ్చేవి. రిటైరయ్యాక అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

జంగ్లీఘాట్

పోర్ట్ బ్లెయిర్‌కి ప్రభుత్వం కొత్త పేరు పెట్టింది గానీ పిన్ని ఉండే జంగ్లీఘాట్‌లో ఎవరి నోటా అది వినలేదు. ఆటో దిగి సందులోకి తిరగ్గానే ఎండుచేపల వాసన, మెట్ల మీద కూర్చుని వల కుట్టుకుంటున్న ఒక ముసలాయన, "ఒలే, ఎవులింటికే?" అని అడిగిన ఒకావిడ. మా ఊరే అనుకున్నాను. ఇంకో నాలుగడుగులు వేశాక అదే ఆవిడ తన మనవరాలితో "ఇధర్ ఆ, నీళ్ళు పట్టు, జల్దీ" అంది. మా ఊరు కాదని అప్పుడు గుర్తొచ్చింది.

పిన్ని నన్ను చూసి ఏడవలేదు. "ఓలమ్మ, ఎంత సిక్కిపోనావే! పేపరోళ్ళు తిండెట్టలేదేటి?" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. కొబ్బరిపాలు పోసి వండిన చేపల పులుసు పెట్టింది. మనం కోనాం అనే చేపని వీళ్ళు సుర్మై అంటారు. మా ఊళ్ళో పులుసులో కొబ్బరిపాలు పోస్తే కోడల్ని పుట్టింటికి పంపించేస్తారు. ఇక్కడ కొబ్బరే చవక. టమాటా ఓడెక్కి రావాలి. ఓడ ఆలస్యమైతే బజార్లో టమాటాని తాకి చూసి వెళ్ళిపోవడమేనట.

తింటూ ఉండగా వరండా మూలలో పాత చీర కప్పుకుని కూర్చున్న ఆకారమొకటి కనిపించింది.

"అదేంటి పిన్నీ?"

"ఇంజినే."

"పడవలో ఉండాల్సింది ఇంట్లో ఎందుకుంది?"

"రెస్టు తీసుకుంటంది. మావోడు పన్జేత్తన్నాడు," అంది పిన్ని, పులుసు ఇంకో గరిటె వేస్తూ.

మావోడంటే సింహాద్రి, పిన్ని కొడుకు. ముప్ఫై దాటినవాడు. పోయిన బాబాయిలాగే వేటకెళ్తాడు. అతని అక్క కార్ నికోబార్ దీవిలో టీచరు. సింహాద్రి బడిలో తరగతికి రెండేసి ఏళ్ళు కూర్చుని, చివరికి మానేశాడు. మంచివాడు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆ ప్రశ్న లోతుకి దిగి, అడుగు తాకి, మళ్ళీ పైకి రావాలి. అంతవరకూ ఆగేవాళ్ళు తక్కువ. ఆ లోపు జవాబు పిన్నే చెప్పేస్తుంది.

మర్నాడు పొద్దున్నే చేపల రేవుకి వెళ్ళాను. ఇక్కడ సూర్యుడు మనకంటే చాలా ముందే లేస్తాడు. సాయంత్రం టీ తాగే వేళకే వెళ్ళిపోతాడు. డోంగీలన్నీ ఇంజిన్ల మోతతో ఒడ్డుకొస్తున్నాయి. ఆ పడవల్ని ఇక్కడ డోంగీ అనే అంటారు. వాటి వెనక, ఎంతో దూరాన, ఒక డోంగీ ఏ చప్పుడూ లేకుండా తెడ్డు మీద వస్తోంది. అందులో ఉన్నది మా సింహాద్రి. రేవులో ఉన్న మగవాళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నారు.

"ఏం భయ్యా, డీజిల్ అమ్మ దాచేసిందా?"

"ఒలింపిక్‌కి పోతన్నాడ్రా!"

ఒక కుర్రాడు నా వైపు తిరిగి, "దీదీ, మీ తమ్ముడు ఎక్సర్‌సైజ్ చేస్తున్నాడు. వీడి బచ్చా స్టెతస్కోప్ మెళ్ళో వేసుకునే పుడతాడట," అన్నాడు.

సింహాద్రి పడవ దిగి, గంప ఎత్తుకుని, వాళ్ళని దాటి కొంత దూరం వచ్చాక అప్పుడు నవ్వాడు.

సంగతి పిన్ని ఇంటికొచ్చాక చెప్పింది. చెప్పిందంటే, గొప్పగా చెప్పింది. పోయిన ఏడాది కోడలు దేవి ఫోన్లో ఒక హిందీ డాక్టరు వీడియో చూపించిందట. తల్లి ఒళ్ళు కదిలిస్తే కడుపులో బిడ్డ మెదడుకి మంచిదని, బిడ్డ కడుపున పడకముందు తండ్రి వ్యాయామం చేసినా ఆ మేలు బిడ్డకి అందవచ్చని. దేవి దాన్ని నవ్వుకోవడానికి పెట్టింది. పిన్ని మళ్ళీ పెట్టించుకుంది. మూడోసారి కూడా పెట్టించుకుంది. మర్నాడు పడవలో ఇంజిన్ విప్పించి ఇంటికి మోయించింది.

"రోడ్డుమీద పరిగెట్టరా అంటే సిగ్గంట ఆడికి. తెడ్డెయ్యడానికి సిగ్గేటి? మా ముసిలోడు ఎయ్యలేదా?"

"కానీ దేవికి ఇప్పుడు ఆరో నెల కదా పిన్నీ. ఇంక తెడ్డు వేసినా వెయ్యకపోయినా..."

"మజ్జిలో ఆపితే ఏటవుద్దో ఎవులికి తెల్సు?"

నవ్వాను. పిన్ని నవ్వలేదు. అసలు కథ పక్కింటావిడ గోడ మీంచి చెప్పింది.

సింహాద్రి అక్క పుట్టేనాటికి బాబాయిది తెడ్డు పడవ. పిన్ని నిండు నెలల దాకా గంపతో పోర్ట్ బ్లెయిర్ ఎత్తుపల్లాలన్నీ ఎక్కి దిగేది. ఆ పిల్ల చురుగ్గా పెరిగింది. తర్వాత బాబాయి ఇంజిన్ కొన్నాడు. కొన్న గర్వంలో, "నా పెళ్ళాం ఇంక గంపెత్తదు" అని పిన్నిని ఇంట్లో కూర్చోబెట్టాడు. సింహాద్రి అప్పుడు పుట్టాడు. మాటలు ఆలస్యం, అక్షరాలు ఇంకా ఆలస్యం. ఆ వీడియో చూశాక పిన్నికి లెక్క తేలిపోయింది. రెండు నెలల కిందట నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు ఆటపట్టిస్తుంటే గట్టిగా అనేసింది: "ఆడు ఇంజినొచ్చాక పుట్టినోడు, అందుకే అలగైపోనాడు. నా మనవడికి అలగవకూడదు."

వెనక బిందెతో దేవి నిలబడి ఉంది. ఆ బిందె అక్కడే పెట్టేసి, బట్టలు సర్దుకుని, డిగ్లీపూర్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. మొదటి పురుడు ఎలాగూ పుట్టింట్లోనే. కానీ ఇది పురిటికి వెళ్ళడం కాదని వాడంతటికీ తెలుసు. ఫోన్ చేస్తే మొగుడితో మాట్లాడుతుంది. అత్తకిస్తే పెట్టేస్తుంది.

"నువ్వొచ్చినావు గదా," అంది పిన్ని ఆ సాయంత్రం, నా తలకి నూనె రాస్తూ. "డిగ్లీపూర్ పోదాం. నువ్వు సెప్తే ఇంటది. పేపరు మనిషివి."

అమ్మ వేళ్ళలాగే ఉన్నాయి ఆ వేళ్ళు. ఉత్తర ధ్రువం దాకా రమ్మన్నా వెళ్ళేదాన్ని.

ఫీనిక్స్ బే

డిగ్లీపూర్ ఉత్తర అండమాన్ చివర ఉంది. ఓడలో వెళ్తే సుఖమని సింహాద్రితో కలిసి ఫీనిక్స్ బే జెట్టీలో టిక్కెట్ల వరసలో నిలబడ్డాం. ఆ వరసలో భారతదేశం మొత్తం ఉంటుంది. మా ముందు రాంచీ వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబానికి చెందిన ఒకావిడ, వెనక ఇద్దరు బెంగాలీ రైతులు, పక్కన బిర్యానీ పొట్లం విప్పుకుని తింటున్న, పడవ నడిపే తమిళ సరంగు. అందరూ హిందీలోనే కొట్లాడుకుంటున్నారు, ఎవరి యాసలో వాళ్ళు.

రాంచీ ఆవిడ సింహాద్రిని, "కహా జా రహే హో, భయ్యా?" అని అడిగింది. సింహాద్రి నోరు తెరిచేలోగా పిన్ని, "డిగ్లీపూర్. బహూ కో దేఖ్‌నే," అంది. "ఏం పని చేస్తావు?" "మఛ్లీ," అంది పిన్ని. "పిల్లలా?" "ఆనేవాలా హై," అంది పిన్ని. సింహాద్రి నోరు మూసుకుని నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. అలవాటైపోయిన మనిషి నిలబడే తీరు అది.

మా వంతు వచ్చేసరికి టిక్కెట్లు అయిపోయాయి. సముద్రం బాగాలేదు, తర్వాతి బోటు సంగతి తెలియదన్నారు. కిటికీ మూసేశారు. కూలీ ఒకతను మా సంచి వాసన చూసి, "ఇది ఎక్కించి ఉంటే బోటే దిగిపోయేది," అన్నాడు. పిన్ని కోడలి కోసం ఎండు నెత్తళ్ళ చేపలు కట్టింది. మూడు పొరల కాగితంలో, రెండు పాలిథిన్ సంచుల్లో కట్టినా ఆ వాసన మాకంటే ముందు నడుస్తోంది.

మర్నాడు తెల్లవారకముందే బస్సెక్కాం.

అడవి, పాయ

పోర్ట్ బ్లెయిర్ దాటాక కొంతసేపటికి బస్సులన్నీ ఒకచోట ఆగి, గుంపుగా కలిసి అడవిలోకి వెళ్తాయి. ఆ అడవి జారవా ఆదివాసులది. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఎవరైనా కనిపించినా ఏమీ ఇవ్వకూడదు. విలేకరి కళ్ళకి అలవాటు లేని పని ఒకటి అక్కడ చేశాను. తల వంచుకుని నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. వాళ్ళ ఇంట్లోంచి వెళ్తున్నాం, అంతకంటే చూడ్డానికి నాకేం హక్కుందనిపించింది. అప్పటిదాకా నెత్తళ్ళ గురించి గొణుగుతున్న ప్రయాణికులు కూడా ఆ అడవిలో నెమ్మదించారు.

అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ అనే ఉప్పునీటి పాయ. బస్సు పంటు అనే పెద్ద బల్లకట్టు ఎక్కుతుంది, మనం దిగి దాని పక్కన నిలబడతాం. రెండు వైపులా మడ చెట్లు వేళ్ళు పైకెత్తుకుని నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పిన్ని కమ్మీ పట్టుకుని, కొంగు తలమీదికి లాక్కుని నీళ్ళకేసి చూస్తోంది. ఆ పక్క నుంచి చూస్తే అచ్చం అమ్మే. చెయ్యి వేద్దామని దగ్గరికి వెళ్ళి, వెయ్యకుండా ఆగిపోయాను. వేస్తే తిరిగి చూస్తుంది, తిరిగితే పిన్ని అయిపోతుంది.

ఆవిడే తిరిగింది. సింహాద్రి అవతలి కమ్మీ దగ్గర ఉన్నాడు.

"అమ్మీ, నిజం సెప్పు. ఆ డాక్టరు సెప్పింది నిజమేనా?"

"ఏది?"

"నాను కూకుని తినబట్టే ఈడు ఇలగైనాడా? నా వల్లేనా?"

ఈ విషయం మీద వార్తలు ఎన్నో నా చేతి మీదుగానే పేజీల్లోకి వెళ్ళాయి. చక్రమ్మీద పరిగెత్తిన మగ ఎలుకల పిల్లలు దారులు బాగా గుర్తుపెట్టుకుంటున్నాయని, గర్భంతో ఉన్న ఎలుకలు కదులుతూ ఉంటే పిల్లల మెదడుకి మేలు కనిపిస్తోందని. మనుషుల దగ్గరికి వచ్చేసరికి 'కావచ్చు', 'అనిపిస్తోంది' అన్న మాటలు ప్రతి వాక్యానికీ ఉంటాయి. హెడ్డింగులో ఆ 'కావచ్చు'కి మాత్రం చోటుండదు. ఆవిడకి ఇవన్నీ చెప్పాను. ఎలుకల గురించి తెలిసినంత మనుషుల గురించి తెలియదని, నడక మేలు చేయవచ్చని అన్నారే తప్ప కూర్చున్న తల్లి బిడ్డని పాడు చేస్తుందని ఎవరూ అనలేదని, తిండి, జబ్బులు, బడి, పుట్టుక ఇలా వంద కారణాలుంటాయని. సింహాద్రి తెలుగు బడిలోంచి హిందీ బడికి మారినప్పుడు ఎంత తికమకపడ్డాడో కూడా గుర్తుచేశాను.

"అయితే నా వల్ల కాదంటావు."

"ఒక్క మనిషిని చూపించి, ఇది ఇందువల్లే అని ఎవరూ చెప్పలేరు పిన్నీ."

"అవునని సెప్పలేవు, కాదని సెప్పలేవు. ఇన్నేళ్ళు పేపర్లో కూకుని ఇదేటే నువ్వు నేర్సుకున్నాది?"

అదే నేర్చుకున్నాను. కానీ ఆ పాయ మధ్యలో, ఆ ముఖం ముందు, అది చాలా తక్కువగా అనిపించింది. మా అమ్మ కూడా నన్ను కడుపులో పెట్టుకుని ఊళ్ళమ్మట గంపతో తిరిగిన మనిషే. నా తలలో ఉన్న నాలుగు ముక్కలూ ఆ నడకల్లోంచి వచ్చినవేనేమో. అమ్మ ఉంటే అడిగేదాన్ని, ఏ దారుల్లో నడిచిందో. ఇప్పుడు ఆ ఊళ్ళ పేర్లు కూడా నాకు సరిగా తెలియవు.

రంగత్

పిన్నికి నడుం పట్టేయడంతో రంగత్‌లో దిగి ఆ రోజుకి ఆగిపోయాం. చిన్న లాడ్జి, కింద హోటలు. నడుపుతున్నాయన మధురై వైపువాడు. దోసె చక్కగా వేశాడు గానీ చట్నీ బదులు బంగాళాదుంప కూర పెట్టి, "ఇక్కడ బెంగాలీలకి ఇదే కావాలి, నేనేం చేయను," అని నా దగ్గర మొరపెట్టుకున్నాడు. టీ పదిహేను రూపాయలు. అందులో అల్లం దండిగా ఉంది.

పిన్ని గదిలో పడుకుంది. బజారు చివర కల్వర్టు మీద సింహాద్రి, నేను కూర్చున్నాం. ఐదింటికే పొద్దు వాలుతోంది. ఏదైనా అడగాలంటే ఇదే సమయమనిపించి, అడిగి, ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా నా వృత్తిలో భాగమే.

"నీకు కోపం రాలేదురా, ఇంజిన్ తీసేసినప్పుడు?"

ఒక ఆటో వెళ్ళింది. ఇద్దరు స్కూలు పిల్లలు వెళ్ళారు.

"ఇంజినుంటే నీళ్ళ సప్పుడు ఇనబడదక్కా," అన్నాడు చివరికి. "తెడ్డేత్తే ఇనబడద్ది. నాకిష్టమే."

"మరి అమ్మకి చెప్పావా ఆ మాట?"

"అమ్మ అడగనేదు."

ఇంకాసేపటికి, నేను అడక్కుండానే అన్నాడు: "దేవి ఉన్నప్పుడు ఒడ్డుకి రాగానే పెద్ద సేప ఉంటే తోక పట్టుకుని ఎత్తి సూపించీవోడిని. అదక్కడ మెట్లమీద కూకునేది. ఇప్పుడు ఎత్తుతున్నాను, మల్లీ దింపేత్తన్నాను."

సింహాద్రి కల్వర్టు కిందికి చూశాడు.

"బిడ్డ నాలాగ అవ్వకూడదని అమ్మంటది. దేవికి కోపమొచ్చీసింది. నాకు..." అని ఆగాడు. ఆగితే ఆగనిచ్చాను. చీకటి పడే ముందు వచ్చే గాలి మొదలైంది. "నాకూ ఒకోపాలి అలగే అనిపిత్తాదక్కా. ఆడిని బడిలో ఎవులూ నవ్వకూడదని."

నా తమ్ముడు నాతో ఇన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదటిసారి. అతనికి కావాల్సింది ఇంకొంచెం సేపు మాత్రమే. అది ఇవ్వడానికి నేను సముద్రం దాటి ఇంత దూరం రావాల్సి వచ్చింది.

డిగ్లీపూర్

మర్నాడు మధ్యాహ్నానికి డిగ్లీపూర్ చేరాం. వరి చేలు, వక్క తోటలు, బెంగాలీ మాటలు. వాటన్నిటి వెనక సాడిల్ పీక్ మబ్బు కప్పుకుని కూర్చుని ఉంది. జెట్టీ దగ్గర తెలుగు వేటగాళ్ళ ఇళ్ళు కొన్ని. దేవి పుట్టిల్లు రేకుల కప్పుతో, శుభ్రంగా, సముద్రానికి వీపు పెట్టి ఉంది.

దేవి వాకిట్లోకి వచ్చింది. సింహాద్రిని చూడగానే ముఖం వెలిగింది. వెనక అత్తని చూసి ఆరిపోయింది. "రా వదినా," అని నన్ను పిలిచి, నీళ్ళిచ్చింది. పిన్నికి గ్లాసు ఎదురుగా పెట్టి వెళ్ళిపోయింది. దేవి తల్లి మాత్రం అల్లుడి కోసం పీతల కూర వండటంలో మునిగిపోయి, ఈ గొడవ తన ఇంట్లో జరగనట్టే ఉంది. పీత కాళ్ళు దంచి మసాలాలో కలిపి చేసిన ఆ కూర నేనింతవరకూ తినలేదు. ఎవరూ మాట్లాడకపోవడం వల్ల అందరం ఎక్కువే తిన్నాం.

భోజనాలయ్యాక పిన్ని నెత్తళ్ళ పొట్లం విప్పింది. దేవి దాని వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"వదినా, నువ్వు పేపర్లో చేసినదానివి. ఆ వీడియో సచ్చీ హై క్యా?"

పాయ మీద చెప్పిందే మళ్ళీ చెప్పాను. దేవి చివరిదాకా విని తలూపింది.

"ఛలో, నిజమే అనుకుందాం," అని ఇప్పుడు అత్త వైపు తిరిగింది. "ఆయన ఏడాదై తెడ్డేత్తన్నాడు. నేనిక్కడ రోజూ నడుత్తన్నాను, ఆస్పత్రిలో మేడం మెల్లగా నడవమంది, మంచిదంది. నీ కోసం కాదు, నాకు బాగుంటది కాబట్టి. ఇంత చేసినా బిడ్డ ఆయనలాగే పుడితే? అప్పుడేటి చేత్తావత్తా? పంపు కాడ నిలబడి దాన్ని కూడా అలగైపోనాదంటావా?"

గుమ్మం బయట సింహాద్రి చేప పొలుసు గీకుతున్నాడు. కత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఏటా మాటలు," అంది పిన్ని. అంతే. కొడుకు తరఫున ఇన్నేళ్ళూ టకటకా జవాబులు చెప్పిన మనిషి, తన తరఫున ఒక్కటి చెప్పలేక, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుండిపోయింది. కాసేపటికి కత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది, ముందుకంటే మెల్లగా.

పొద్దుటి నడక

పొద్దున్న దేవి నడకకి బయల్దేరితే పిన్ని కూడా లేచి వెనకే నడిచింది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ వెనక నేను. పోటు తగ్గి, ఒడ్డు వెడల్పుగా, గట్టిగా ఉంది. దేవి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిదానంగా అడుగులేస్తోంది. పిన్ని నడకలో గంప ఇంకా ఉంది. నెత్తిన ఏమీ లేకపోయినా మెడ నిటారుగా, చేతులు ఊపకుండా నడుస్తుంది.

కొంత దూరం వెళ్ళాక, పిన్ని దేవి వీపుకి చెబుతున్నట్టుగా మొదలుపెట్టింది.

"పెద్దదాన్ని గంపతో పాటు మోసినాను. ఈడప్పుడు మీ మావ నన్ను కాలు కింద పెట్టనిచ్చీవోడు కాదు. ఈడికి మాటలు రానేదు. బళ్ళో మాస్టారు పిలిపించి ఈడికి బుర్రకెక్కదమ్మా అన్నాడు. అప్పుడే అనేసుకున్నాను, అయిపోనాది, నా కడుపులోనే అయిపోనాదని. వీడియో ఇప్పుడొచ్చింది గానీ, నాకు ఎప్పుటినుంచో అదే." ఊపిరి తీసుకుంది. "అయిపోనాక ఇంకేటి సేత్తాం? పెద్దదాని పక్కన కూకుని సదివించీదాన్ని. నాకు అచ్చరం రాపోయినా పక్కన కూకునీదాన్ని. ఈడిని బాబుతో పడవెక్కించీసినాను."

దేవి ఆగలేదు గానీ అడుగు తగ్గించింది.

"ఏదైనా అడిగితే జవాబొచ్చీదాకా ఎవులుంటారు? పనుండీది. ఈడేటి ఆడుకున్నాడో, దేనికి బయపడ్డాడో అడుగు నన్ను. తెల్దు. బిడ్డ బైటికొచ్చినాక కూడా సెయ్యాల్సినదుందని నాకు తెలీనేదే."

అప్పుడు ఆగింది దేవి. పిన్ని ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కోడలి పొట్ట మీదికి చెయ్యి వెళ్ళి, తాకకుండా గాల్లోనే ఉండిపోయింది.

"నువ్వడిగినావు గదా నిన్న. ఆడిలాగే పుడితే నాకిచ్చీయే. జంగ్లీఘాట్ పంపీ. ఆడి సిన్నతనం నాను సూణ్ణేదు. ఒకపాలి సూసుకుంటాను."

దేవి ఆ చేతిని పట్టుకుని పొట్టకి ఆనించుకుంది.

"పంపను," అంది. ఇంకాసేపటికి, "నువ్వే రా," అంది.

డిగ్లీపూర్ బస్టాండు

నేను తిరిగి రావాల్సిన రోజు వచ్చేసింది. దేవి పురుడు దాకా పుట్టింట్లోనే ఉంటానంది, అందులో మార్పు లేదు. అవసరమైతే పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి మనిషి కావాలి కదా అని ఆమె తల్లి అంది. అందరూ సింహాద్రి వైపు చూశారు. అతను అన్నం కలుపుతూ ఉన్నాడు. పిన్ని నోరు తెరిచి, మూసుకుంది. అది చూశాను.

"నేనిక్కడే ఉంటాను," అన్నాడు సింహాద్రి, ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక.

కోడలిని తీసుకెళ్దామని వచ్చిన మనిషి, కొడుకుని కూడా వదిలిపెట్టి బస్సెక్కాల్సి వచ్చింది. పిన్ని దారి పొడుగునా చెప్పే జాగ్రత్తలు కూడా చెప్పలేదు. బస్టాండులో సింహాద్రి సంచి లోపల పెట్టి, ఆవిడని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, కిందికి దిగి నిలబడ్డాడు. డ్రైవరు ఇంజిన్ స్టార్టు చేశాడు.

పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఒరే."

సింహాద్రి దగ్గరికొచ్చాడు.

"సిన్నప్పుడు బాబుతో పడవలో కూకుని ఏటి ఆలోసించీవోడివిరా నువ్వు?"

సింహాద్రి తల్లి ముఖంలోకి చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. కండక్టరు తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, తల లోపల పెట్టు, టైమ్ హో గయా," అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

పిన్ని కండక్టరు వైపు చూడకుండానే చెయ్యెత్తింది.

"రుకో భయ్యా," అంది. "మావోడు ఆలోసిత్తన్నాడు."